బెంగళూరు నుంచి తిరువయ్యారు ఆరాధనకి ఎలక్ట్రిక్ కారులో: ఛార్జింగ్ ప్లాన్ ఎలా వేసుకోవాలి

మా అమ్మ మల్లేశ్వరంలో ఒక గ్రూపుతో కలిసి ఏడాది పొడుగునా పంచరత్నాలు (త్యాగరాజస్వామి ఐదు పెద్ద కీర్తనలు) ప్రాక్టీస్ చేస్తుంది, ఎందుకంటే పుష్య బహుళ పంచమి పొద్దున తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ముందు వందల మంది గొంతులో తన గొంతు కూడా కలవాలి, అంతే ఆవిడ కోరిక. పొద్దున తొమ్మిది ప్రాంతంలో మొదలవుతుంది, ఇంచుమించు ఒక గంట. ఆ గంటకి కారు వల్ల అడ్డం రాకూడదు అన్నదే నా ప్లాన్ మొత్తం. మేము ఎలక్ట్రిక్ కారు కొన్న దగ్గర్నుంచి రెండుసార్లు వెళ్ళొచ్చాం, ఒకసారి ఇబ్బంది పడ్డాం, ఒకసారి హాయిగా జరిగింది, ఆ రెంటికీ మధ్య ఏం మారిందో అదే ఇక్కడ రాస్తున్నా. మీరు చెన్నై నుంచి వెళ్తున్నా, వేరే ఏదైనా కచేరీలకి వెళ్తున్నా లెక్క ఇదే, ఊళ్ళ పేర్లు మార్చుకోండి.

ముందు తేదీ చూసుకోండి. ఆరాధన, అంటే త్యాగరాజస్వామి వర్ధంతి ఉత్సవం, తిథిని బట్టి జరుగుతుంది కాబట్టి ఇంగ్లీషు తేదీ ప్రతి ఏడాదీ మారుతుంది. 2024లో పంచమి జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న. ఉత్సవం ఐదు రోజులు, టికెట్ లేదు. తేదీ ఎందుకు చెప్తున్నానంటే, పంచమి సంక్రాంతికి దగ్గరగా పడితే బెంగళూరులో ఉన్న తమిళనాడు వాళ్ళందరూ పొంగల్‌కి ఊళ్ళకి బయల్దేరతారు, హోసూర్ రోడ్డు మొత్తం నిండిపోతుంది, దారిలో ఛార్జర్ల దగ్గర కూడా మనకంటే ముందు నలుగురు ఉంటారు. అలాంటి ఏడాది ఒక రోజు ముందే బయల్దేరండి. మిగతా ఏడాదుల్లో పంచమికి ముందురోజు తెల్లవారుజామున బయల్దేరితే చాలు.

దారి గురించి రెండు ముక్కలు

బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం, నామక్కల్, తిరుచ్చి, తంజావూరు, తిరువయ్యారు. అంతా కలిపి 410 నుంచి 430 కిలోమీటర్లు, మీరు బెంగళూరులో ఏ మూల ఉన్నారు, నామక్కల్ తర్వాత కరూర్ మీదుగా వెళ్తారా ముసిరి మీదుగా వెళ్తారా అన్నదాన్ని బట్టి. ముసిరి దారి దూరం తక్కువ, నా లెక్కలన్నీ ఆ దారికే. సేలం ఇంచుమించు సగం దారి, అందుకే పెద్ద స్టాప్ అక్కడ.

మొదటి పని: వెనక నుంచి మొదలుపెట్టండి, రాత్రి కారు ఎక్కడ నిలబడుతుంది?

అందరూ బెంగళూరు నుంచి ముందుకి ప్లాన్ వేస్తారు, మొదటి ఛార్జర్ ఎక్కడ, రెండోది ఎక్కడ అని. నేను ఖచ్చితంగా చెప్తున్నా, ఇలాంటి ప్రయాణానికి అది తలకిందుల పద్ధతి. మీరు ముందు పట్టుకోవాల్సింది పంచమికి ముందురోజు రాత్రి కారు పక్కన ఒక 15 ఆంప్స్ ప్లగ్. ఏసీకి, గీజర్‌కి వాడతామే, ఆ పెద్ద ప్లగ్. దానికి కారుతో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ పెడితే గంటకి సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. మా బ్యాటరీ 45 యూనిట్లు, అంటే కంపెనీ వాళ్ళు రాసే 45 కిలోవాట్-అవర్. 45 శాతంతో వచ్చి రాత్రి ఎనిమిదికి ప్లగ్ పెడితే పొద్దున ఐదుకల్లా కారు నిండుగా ఉంటుంది. మీరు నిద్రపోతుంటే జరిగే పని అది, క్యూ లేదు, యాప్ లేదు, ఓటీపీ లేదు.

అందుకే తంజావూరులో రూమ్ బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి అడగండి, బుకింగ్ సైట్‌లో రాసింది నమ్మి ఊరుకోవద్దు. అడిగే పద్ధతి కూడా ఉంది. "ఈవీ ఛార్జింగ్ ఉందా?" అని అడిగితే రిసెప్షన్‌లో ఉన్న మనిషి పెద్ద మెషీన్ ఊహించుకుని లేదు అనేస్తాడు. "పార్కింగ్ దగ్గర 15 ఆంప్స్ ప్లగ్ ఉందా, రాత్రంతా వాడుకోవచ్చా, యూనిట్‌కి ఇంత అని డబ్బులు ఇస్తాం" అని అడగండి. వాచ్‌మన్ గది పక్కనో, మోటర్ స్విచ్ దగ్గరో ఒకటి దాదాపు ప్రతి చోటా ఉంటుంది. ఉంది అంటే వాట్సాప్‌లో ఫొటో పంపమనండి. ఆ ఫొటోలో మూడు చూడాలి: పెద్ద రంధ్రాల ప్లగ్గేనా, కారు నిలబెట్టే చోటు నుంచి ఎంత దూరం, పైన కప్పు ఉందా. ఉత్సవం రోజుల్లో తంజావూరులో రూములు తొందరగా నిండిపోతాయి, డిసెంబర్ మొదట్లోనే ఈ పని అయిపోవాలి.

ప్లగ్ విషయంలో ఇంకొంచెం చెప్పాలి, ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే పోర్టబుల్ ఛార్జర్‌లో ఎర్ర లైటు వెలిగి ఛార్జింగ్ మొదలే కాదు, అది మన ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు, దాన్ని తప్పించే అడాప్టర్లు ఎవరు ఇచ్చినా పెట్టొద్దు. వేరే ప్లగ్ అడగండి. ఎక్స్‌టెన్షన్ వైర్ మీరే తీసుకెళ్ళండి, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, మూడు కోర్లు, ఒక వైపు 16 ఆంప్స్ ప్లగ్ టాప్, ఇంకో వైపు 16 ఆంప్స్ సాకెట్, 15 మీటర్లు ఉంటే సరిపోతుంది, ఎలక్ట్రికల్ షాపులో చేసి ఇస్తారు. ఇంట్లో ఫ్యాన్‌కీ మిక్సీకీ వాడే సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దే వద్దు, గంటల తరబడి 15 ఆంప్స్ లాగితే కరిగిపోతుంది. వైరు చుట్టలా ఉంచకుండా పూర్తిగా విప్పి పరవండి, చుట్టలో వేడి నిలబడిపోతుంది. ప్లగ్ పెట్టాక పదిహేను నిమిషాలకి ఒకసారి, పడుకునే ముందు ఒకసారి వెళ్ళి టాప్‌ని చేత్తో ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆపెయ్యండి లేదా కారులో ఛార్జింగ్ కరెంట్ తగ్గించండి, చాలా కార్లలో 10 ఆంప్స్‌కో 8కో తగ్గించుకునే సెట్టింగ్ ఉంటుంది.

రెండో పని: మీ కారు నిజంగా ఎంత దూరం పోతుందో తెలుసుకోండి

కంపెనీ చెప్పిన రేంజ్ పక్కన పెట్టండి, స్క్రీన్ మీద కనపడే కిలోమీటర్లు కూడా నిన్న సిటీలో నడిపిన దాన్ని బట్టి చూపిస్తున్నవే. మీకు కావాల్సిన నంబర్ ఒక్కటే, హైవే మీద యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు.

దీనికి నేను చెప్పే పద్ధతి, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఇంట్లోవాళ్ళందర్నీ ఎక్కించుకుని ఏసీ వేసుకుని కృష్ణగిరి దాకా వెళ్ళి టిఫిన్ చేసి వెనక్కి రండి. ఒక్కడే ఖాళీ కారులో వెళ్తే ఆ నంబర్ పనికిరాదు. వెళ్ళేటప్పుడు ట్రిప్ మీటర్ జీరో చేసి వెళ్ళింది విడిగా రాసుకోండి, వచ్చింది విడిగా రాసుకోండి. రెంటికీ తేడా చూసి ఆశ్చర్యపోతారు, కారణం కింద చెప్తా. పనిలో పని, కృష్ణగిరిలో ఒక ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పది నిమిషాలు గన్ (కారుకి తగిలించే ఛార్జింగ్ పిడి) పెట్టి చూడండి, యాప్ పనిచేస్తోందా, మీ కారుకి ఆ మెషీన్ పడుతోందా తెలిసిపోతుంది.

మాకు నలుగురు, సామాను, ఏసీ, 90 దగ్గర నిలకడగా పోతే యూనిట్‌కి 6.2 కిలోమీటర్లు వస్తుంది. 110కి వెళ్తే ఐదు చిల్లరకి పడిపోతుంది. గాలి ఆపే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 90 నుంచి 110కి వెళ్తే అది దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, అందుకే. 200 కిలోమీటర్లలో 110తో మిగిలేది ఇరవై ఐదు నిమిషాలు కూడా కాదు, ఆ మిగిలినదాంట్లో చాలాభాగం ఛార్జర్ దగ్గర తిరిగి ఇచ్చేస్తారు. మా నాన్న పెట్రోల్ కారు రోజుల నుంచీ 90 మనిషి, ఈ విషయంలో ఆయనే కరెక్ట్.

టైర్లలో గాలి బయల్దేరే ముందురోజు చూసుకోండి, చల్లగా ఉన్నప్పుడు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి ఎంత రాసుంటే అంత.

మూడో పని: ఎత్తు లెక్క. ఇది ఎవరూ చెప్పరు, ఇదే అసలు సంగతి

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. సేలం 280 దగ్గర. తంజావూరు ఇంకా కింద, 60 మీటర్ల చుట్టుపక్కల. అంటే వెళ్ళేటప్పుడు దిగుతూ పోతారు, వచ్చేటప్పుడు ఎక్కుతూ వస్తారు. మనుషులతో సామానుతో కలిపి మా కారు 1,900 కిలోలు అనుకోండి, సేలం నుంచి బెంగళూరుకి 640 మీటర్లు ఎక్కడానికే 3.3 యూనిట్లు కావాలి, మోటర్‌లో పోయేది కలిపితే నాలుగు దాకా. దిగేటప్పుడు అదంతా తిరిగి రాదు కానీ రెండు యూనిట్ల పైన మిగుల్తుంది.

ఇప్పుడు చూడండి. మా ఇంటి నుంచి సేలం 210 కిలోమీటర్లు, చదునుగా ఉంటే 34 యూనిట్లు. వెళ్ళేటప్పుడు 31, 32తో అయిపోతుంది, నిండుగా బయల్దేరితే సేలంలో 30 శాతం ఉంటుంది, హాయి. అదే రోడ్డు వచ్చేటప్పుడు 38 యూనిట్లు తింటుంది, అంటే బ్యాటరీలో 84 శాతం. సేలంలో 80 దాకా ఛార్జ్ చేసి "వెళ్ళేటప్పుడు ఇదే దారి 70 శాతంతో అయిపోయింది కదా" అని బయల్దేరితే ఇంటికి చేరరు, ఎలక్ట్రానిక్ సిటీ దరిదాపుల్లో ఆగిపోతారు. మొదటిసారి మేము దీన్ని పట్టించుకోకుండా ప్లాన్ వేశాం, దారిలో శాతం పడిపోవడం చూసి కృష్ణగిరిలో ఆగి ఛార్జ్ చేసుకున్నాం కాబట్టి బయటపడ్డాం.

ఈ లెక్క మీ కారుకి మీరే వేసుకోవచ్చు. కారు బరువు టన్నుల్లో, ఎత్తు వందల మీటర్లలో రాసుకుని, ఆ రెండూ గుణించి, దాన్ని 0.27తో గుణిస్తే యూనిట్లు వస్తాయి. మాది 1.9, 6.4, గుణిస్తే 12.2, దాన్ని 0.27తో గుణిస్తే 3.3. ఎక్కేటప్పుడు దానికి ఇంకో పదిహేను శాతం కలపండి.

ఒక మాట తొప్పూర్ ఘాట్ గురించి. ధర్మపురి దాటాక సేలం వైపు దిగే చోటు, లారీ ప్రమాదాలకి పేరుపడ్డ చోటు. రీజెన్ (కారు వేగం తగ్గేటప్పుడు మోటరే బ్యాటరీని ఛార్జ్ చేసే ఏర్పాటు) పెద్దది పెట్టుకుని నెమ్మదిగా ఎడమ పక్కన దిగండి, బ్రేకుకి వేడి ఎక్కదు, బ్యాటరీకి కాస్త వస్తుంది. అక్కడికి వచ్చేసరికి బ్యాటరీలో చోటు ఉంటుంది కాబట్టి రీజెన్ పూర్తిగా పనిచేస్తుంది. కారు నూటికి నూరు నిండి ఉన్నప్పుడు రీజెన్ తగ్గిపోతుంది, ఇంటి దగ్గర బయల్దేరిన కాసేపు ఆ తేడా తెలుస్తుంది, కంగారు పడొద్దు.

నాలుగో పని: దారిలో ఆగే చోట్లు, ఒక్కొక్కదానికి ఒక తోడు

నా రూల్, ఒకే ఛార్జర్ ఉన్న ఊరిని నేను స్టాప్‌గా లెక్కపెట్టను. పది పదిహేను కిలోమీటర్లలో ఇంకో కంపెనీది ఇంకొకటి ఉండాలి, అక్కడికి చేరేసరికి బ్యాటరీలో కనీసం 20 శాతం ఉండాలి. ఈ రెండు ఉంటే ఏం జరిగినా తట్టుకోవచ్చు.

ఇది ఊరికే చెప్పట్లేదు. మొదటి ఏడాది సేలం దాటాక ఒక చోట మధ్యాహ్నం ఆగాం, యాప్‌లో ఖాళీగా ఉందని చూపించింది, వెళ్తే స్క్రీన్ చీకటి. పక్కన టీ కొట్టు ఆయన్ని అడిగితే "కాలైల ఇరుందు కరెంట్ ఇల్ల సార్" అన్నాడు, పొద్దున్నుంచి లేదట. తమిళనాడులో నెలకోసారి మెయింటెనెన్స్ కోసం ఒక్కో ఏరియాకి పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకానో సాయంత్రం దాకానో కరెంట్ తీసేస్తారు, ముందుగా పేపర్లో వేస్తారు కూడా, అది మాకు తెలీదు. 18 శాతం ఉంది, వెనక సీట్లో అమ్మ, పిన్ని. ఏసీ ఆపి, 60లో నడిపి, 22 కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి పట్టుకున్నాం. అమ్మ ఆ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు, తర్వాత చెప్పింది లోపల పంచరత్నాలు వరుసగా చదువుకుంటూ కూర్చున్నానని.

కాబట్టి మీరు ఆగే ఊళ్ళలో ఆ రోజు పవర్ షట్‌డౌన్ ఉందేమో ముందురోజు చూడండి. ఛార్జర్ ఏ హోటల్‌లోనో బంక్‌లోనో ఉంటే ఆ హోటల్‌కే ఫోన్ చెయ్యండి, మ్యాప్‌లో నంబర్ ఉంటుంది, కాల్ సెంటర్ వాళ్ళ కంటే అక్కడ పనిచేసే మనిషికే సంగతి తెలుసు. "కరెంట్ ఇరుక్కా? కార్ ఛార్జింగ్ వేల సెయ్యుదా?" (కరెంట్ ఉందా, కార్ ఛార్జింగ్ పనిచేస్తోందా) అని అడిగితే చాలు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉంటారు, మొహమాటపడకుండా తెలుగులోనే మొదలుపెట్టండి.

యాప్‌లు: టాటా పవర్ ఈజీ ఛార్జ్, జియాన్, స్టాటిక్, ఛార్జ్ జోన్, జియో బీపీ. జియాన్ కోయంబత్తూరు కంపెనీ, తమిళనాడులో వాళ్ళవి బాగా ఉన్నాయి. వీటితో పాటు ప్లగ్‌షేర్ పెట్టుకోండి, అందులో మనలాంటి వాళ్ళు వెళ్ళొచ్చి రాసిన మాటలు ఉంటాయి, చివరిసారి ఎవరు ఎప్పుడు ఛార్జ్ చేశారో చూడండి, రెండు రోజుల కిందట ఎవరో చేసుకున్నారంటే ధైర్యం, ఆరు నెలలుగా ఎవరూ రాయలేదంటే ఆ చోటు మర్చిపోండి. అన్ని యాప్‌లలో ఇంట్లో ఉండగానే లాగిన్ అయ్యి వాలెట్‌లో డబ్బులు వేసుకోండి, మెయిన్ స్టాప్ యాప్‌లో 700, మిగతావాటిలో 500 చాలు. రోడ్డు పక్కన నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడ్డం వద్దు. ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర యూనిట్ 18 నుంచి 25 రూపాయల దాకా ఉంటుంది, దానిమీద జీఎస్టీ 18 శాతం. ఇంట్లో ఇద్దరి ఫోన్లలో యాప్‌లు ఉండాలి, ఒకటి వేరే నెట్‌వర్క్ సిమ్ అయితే ఇంకా మంచిది.

ఛార్జర్ స్పీడు చూసేటప్పుడు ఒక మెలిక. మెషీన్ మీద 60 కిలోవాట్ అని రాసుంటుంది కానీ రెండు గన్లు ఉంటాయి, ఇంకొకరు పక్కన పెడితే చాలావాటిలో చెరో 30 అయిపోతుంది. కాబట్టి టైమ్ లెక్క ఎప్పుడూ 30తోనే వేసుకోండి, ఎక్కువ వస్తే సంతోషం. 80 దాటాక కారే తీసుకోవడం తగ్గించేస్తుంది, 80 నుంచి 100కి పట్టే టైమ్‌లో ఇంకో చోట దాదాపు రెండింతలు ఎక్కించుకోవచ్చు, అందుకే ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 80కి తీసేసి బయల్దేరడం మంచిది, వెనక నిలబడ్డ కారుకి కూడా.

మేము వెళ్ళేటప్పుడు నడిపే లెక్క ఇది, 45 యూనిట్ల బ్యాటరీకి:

ఇంట్లో 100 శాతం, పొద్దున 5 గంటలు. సేలం 9 ప్రాంతంలో, 30 శాతం. అక్కడ టిఫిన్, 80 దాకా ఛార్జింగ్, 50 నిమిషాలు.
సేలం నుంచి తిరుచ్చి 143 కిలోమీటర్లు, 23 యూనిట్లు, చేరేసరికి 29 శాతం. అక్కడ భోజనం, 65 దాకా, 35 నిమిషాలు.
తిరుచ్చి నుంచి తంజావూరు 57 కిలోమీటర్లు, 45 శాతంతో రూమ్‌కి.

ఆ 45 ఎందుకంటే, ఒకవేళ రాత్రి ప్లగ్ పనిచెయ్యకపోయినా, కరెంట్ పోయినా, పొద్దున తిరువయ్యారు వెళ్ళి తంజావూరు వచ్చి తిరిగి తిరుచ్చి దాకా పోవడానికి అది సరిపోతుంది. తంజావూరు నుంచి తిరువయ్యారు 13 కిలోమీటర్లే. ఏం జరిగినా పంచమి పొద్దున పాడుకోడానికి అడ్డం లేదు. ఈ ఒక్క నంబర్ పెట్టుకున్న దగ్గర్నుంచి నాకు మనసు కుదుటపడింది. చిన్న బ్యాటరీ, 24, 25 యూనిట్ల కారు అయితే ఇదే దారిలో ఇంకో రెండు స్టాప్‌లు పెట్టుకోవాలి, కృష్ణగిరిలో ఒకటి, నామక్కల్‌లో ఒకటి, మొత్తం ఇంకో గంటన్నర పడుతుంది, పెద్దవాళ్ళు ఉన్న కారుకి ఆ ఆగడాలు మంచివే. ఆ కార్లలో చిన్న ఛార్జింగ్ స్పీడు ఉంటుంది, మీ కారు గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో మాన్యువల్‌లో చూసుకుని టైమ్ వెయ్యండి.

తంజావూరులో సాయంత్రం

రూమ్‌లో సామాను పడెయ్యకముందే కారు ప్లగ్‌కి పెట్టండి. తర్వాత పెడదాం అనుకుంటే పార్కింగ్ నిండిపోతుంది, ప్లగ్ ముందు ఇంకెవరిదో కారు ఉంటుంది. ఆరాధన రోజుల్లో ఒకే హోటల్‌కి ముగ్గురు ఎలక్ట్రిక్ కార్ల వాళ్ళు రావచ్చు, అలా వస్తే మాట్లాడుకోండి, ఎవరికి పొద్దున ఎంత కావాలో అడిగి గంటలు పంచుకోండి. పోయినసారి మైసూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది, మాకు పొద్దున 13 కిలోమీటర్లే కదా అని రాత్రి పన్నెండుకి మేము తీసేసి వాళ్ళకి ఇచ్చాం, వాళ్ళు అటు నుంచి అటే రామేశ్వరం వెళ్ళాలి. కారు అద్దం దగ్గర ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి.

రాత్రి కరెంట్ పోయి జనరేటర్ మీద నడిస్తే కొన్ని చోట్ల ఛార్జింగ్ ఆగిపోతుంది, కరెంట్ వచ్చాక దానంతట అది మళ్ళీ మొదలవ్వకపోవచ్చు. యాప్‌లో కారు స్టేటస్ చూసే వీలుంటే ఒకసారి మధ్యలో చూడండి.

పంచమి పొద్దున

ఆరున్నరకల్లా బయల్దేరండి. తంజావూరు నుంచి తిరువయ్యారుకి వెళ్తుంటే వరుసగా నదులు దాటతారు, వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి, ఆ ఊరి పేరుకే ఐదు నదులని అర్థం. జనవరి పొద్దున పొలాల మీద మంచు ఉంటుంది, లైట్లు వేసుకుని నెమ్మదిగా. సమాధి దాకా కారు పోతుందనుకోవద్దు, ఊరి మొదట్లోనే ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి నడవండి, పెద్దవాళ్ళని ముందు దింపండి. మేము వెళ్ళేసరికే త్యాగరాజస్వామి ఇంటి నుంచి ఉంఛవృత్తి భజన (వీధుల్లో పాడుతూ భిక్ష తీసుకునే ఊరేగింపు) బయల్దేరి ఉంటుంది, అది చూడాలంటే ఇంకా తొందరగా వెళ్ళండి.

ఆ రోజు అక్కడ ఫాస్ట్ ఛార్జర్ కోసం వెతకొద్దు, అవసరం రాకుండానే కదా ఇంత చేసింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి కూర్చోండి. బెంగళూరు నుంచి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట, ఆ సమాధికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ గారు, ఆడవాళ్ళకి అక్కడ పాడే హక్కు కోసం పోరాడింది కూడా ఆవిడే, ఆవిడ సమాధి కూడా అక్కడే ఉంది. మా అమ్మ ముందు అక్కడ దండం పెట్టుకుని తర్వాత తన వరుసలోకి వెళ్తుంది.

తిరుగు ప్రయాణం

అందరూ ఒకేసారి లేస్తారు. పంచరత్నాలు అయిన వెంటనే బయల్దేరితే తంజావూరు, తిరుచ్చి ఛార్జర్ల దగ్గర ఆరాధనకి వచ్చిన కార్లే ఉంటాయి. రాత్రి నిండుగా ఛార్జ్ అయ్యి ఉంటే మీకు తిరుచ్చిలో ఆగే పనే లేదు, తిరువయ్యారు వెళ్ళొచ్చి కూడా 90 శాతం దగ్గర ఉంటుంది, నేరుగా సేలం 200 కిలోమీటర్లు. ఇక్కడ కూడా కొంచెం ఎక్కుడే, 35 యూనిట్లు తీసుకోండి, అంటే సేలం చేరేసరికి 12 శాతం. అది నాకు తక్కువ అనిపిస్తుంది కాబట్టి నామక్కల్‌లో కాఫీకి ఆగి పదిహేను నిమిషాలు పెడతాం.

సేలంలో 75 దాకా, తర్వాత కృష్ణగిరి 110 కిలోమీటర్లు ఎక్కుతూ, 43 శాతం ఖర్చు, 32తో చేరతారు. కృష్ణగిరి నుంచి ఇల్లు వంద కిలోమీటర్లు, శూలగిరి దగ్గర ఎక్కుడు ఉంది, 41 శాతం కావాలి. అందుకని కృష్ణగిరిలో 60 దాకా, అరగంట. సేలంలో ఒకేసారి 100 దాకా కూర్చుంటే కృష్ణగిరి స్టాప్ తప్పించుకోవచ్చు కదా అంటారు, చివరి ఇరవై శాతానికి పట్టే టైమ్ ఆ అరగంట కంటే ఎక్కువే, పైగా ఇంటికి 16తో చేరతారు, అత్తిబెలెలో ఎక్కడైనా డైవర్షన్ వస్తే గుండె ఆగుతుంది. ట్రాఫిక్ జామ్ గురించి మాత్రం భయం వద్దు, నిలబడి ఉన్న కారుకి ఏసీకి గంటకి యూనిట్, యూనిట్‌న్నర పోతుంది అంతే, హోసూరు రోడ్డులో గంట ఇరుక్కున్నా మూడు శాతం.

ఇంటికి వచ్చాక ప్లగ్‌షేర్‌లో మీరు ఆగిన ప్రతి చోట గురించి రెండు లైన్లు రాయండి, ఏ గన్ పనిచేసింది, ఎంత స్పీడు వచ్చింది, బాత్రూమ్ శుభ్రంగా ఉందా, రాత్రి గేటు తీసుంటుందా. ఒక్కో ముక్కకి ఎన్ని యూనిట్లు పట్టాయో పుస్తకంలో రాసి కారు గ్లవ్ బాక్స్‌లో పెట్టండి, మా దాంట్లో రెండేళ్ళవి ఉన్నాయి, ఈసారి పంచమికి పిన్ని వాళ్ళ కారు కూడా వస్తోంది, ఆ పేజీ ఫొటో తీసి బాబాయికి పంపేశా.